పాత కీ వాచీ బాగుచేయించడం: ఖర్చు ఎక్కడ పుడుతుంది, ఎవరి చేతికివ్వాలి

ఆగిపోయిన పాత వాచీని బల్ల మీద పెట్టి “ఎంతవుతుంది?” అని అడిగితే సాధారణంగా రెండే జవాబులు వస్తాయి. వెనక మూత కూడా తీయకుండా చెప్పే చిన్న అంకె ఒకటి. ఈ తలనొప్పి మనకెందుకు, వీళ్ళే వెళ్ళిపోతారులే అని చెప్పే పెద్ద అంకె ఇంకొకటి. లోపల ఏ మెషీన్ ఉందో, దానికి ఏమైందో అప్పటికి ఎవరికీ తెలియదు కాబట్టే అంకెలు అలా ఉంటాయి. మెషీన్ ఏదో, జబ్బు ఏమిటో, ఎంతవరకు పని కావాలో తెలుసుకుని వెళ్ళిన మనిషికి అదే దుకాణంలో వేరే లెక్క వినిపిస్తుంది. బేరమాడి తగ్గించగలిగేది దానిముందు చాలా తక్కువ.

జబ్బు సంగతి చాలావరకు మూత తీయకుండానే తెలుస్తుంది. కీ ఇచ్చే గుండీని, అంటే క్రౌన్‌ని, మెల్లగా తిప్పండి. ఎంత తిప్పినా బిగువు రాకుండా తిరుగుతూనే ఉంటే లోపల చుట్టుకుని వాచీని నడిపే మెయిన్ స్ప్రింగ్ తెగింది, లేదా దాని కొస కొక్కెం నుంచి జారింది. చేతితో కీ ఇచ్చే వాచీలకే ఈ పరీక్ష. ఆటోమేటిక్‌లో స్ప్రింగు నిండాక జారేలా ఏర్పాటు ఉంటుంది, అది గట్టిగా ఆగదు. తిప్పుతుంటే బిగుసుకుని, వదలగానే గిర్రున వెనక్కి పోతే క్లిక్ అనే చిన్న పంటి ముక్కో, దాన్ని పట్టి ఉంచే సన్నని స్ప్రింగో విరిగింది. ఈ రెండు జబ్బులూ చిన్నవే. మెషీన్ మామూలుదైతే భాగాలు దొరుకుతాయి, సర్వీసింగులో భాగంగానే అయిపోతాయి.

క్రౌన్ పూర్తిగా బిగుసుకుని ఉండి వాచీ నడవకపోతే మాత్రం “ఎవరో ఎక్కువ కీ ఇచ్చేశారు” అంటారు. ఎక్కువ కీ వల్ల వాచీ ఆగడం అన్నది అసలు లేదు. స్ప్రింగు నిండా చుట్టుకుని ఉన్నా నడవట్లేదంటే దాని శక్తి బ్యాలెన్స్ చక్రం, అంటే అటూ ఇటూ ఊగుతూ నడకని కొలిచే చక్రం, దాకా చేరట్లేదు. నూనె ఎండి బంకయింది, ఎక్కడో తుప్పు పట్టింది, లేదా బ్యాలెన్స్ ఇరుసు మొన విరిగింది. మొదటిది సర్వీసింగుతో పోతుంది. చివరిది అసలైన ఖర్చు.

ఆ తేడా పట్టుకోవడానికి ఒక చిన్న పరీక్ష. కొంచెం కీ ఇచ్చి వాచీని డయల్ పైకి పెట్టండి, తర్వాత డయల్ కిందకి, తర్వాత నిలువుగా. చేతిలో అడ్డంగా మెల్లగా తిప్పినప్పుడు టిక్కు టిక్కుమని కాసేపు నడిచి ఆగితే ఎక్కువసార్లు నూనె సమస్యే. ఒక వైపు పెట్టినప్పుడు నడిచి రెండో వైపు తిప్పగానే టక్కున ఆగితే పివట్ మీద, అంటే ఇరుసు మొన మీద, లేదా అది కూర్చునే జ్యువెల్, అంటే గట్టి రాయి, మీద అనుమానం. కింద పడిన చరిత్ర ఉంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. పడినప్పుడు ఇరుసు మొన విరగకుండా కాపాడే ఇన్‌కాబ్లాక్ లాంటి ఏర్పాట్లు వచ్చింది 1930లలో. అంతకుముందు వాచీలకు, ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు చౌకరకం వాచీలకు, ఆ రక్ష లేదు. ఇరుసు మొన మందం ఒక మిల్లీమీటరులో పదోవంతు దగ్గర ఉంటుంది. బల్ల మీద నుంచి పడితే చాలు.

ముళ్ళు దిద్దేటప్పుడు మరీ వదులుగా తిరుగుతూ, వాచీ లోపల టిక్కుమంటున్నా ముళ్ళు వెనకబడుతుంటే నిమిషాల ముల్లుని తిప్పే చిన్న గొట్టం, కానన్ పినియన్, పట్టు వదిలింది. దాన్ని బిగించడం నిమిషాల పని. గంటకి పది ఇరవై నిమిషాలు ముందుకి పరిగెడుతుంటే బ్యాలెన్స్‌కి ఉండే సన్నని స్ప్రింగు, అంటే హెయిర్ స్ప్రింగ్, చుట్లు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. నూనె తగిలి ఉండొచ్చు, అయస్కాంతం పట్టి ఉండొచ్చు. దిక్సూచి పక్కన వాచీ పెట్టి మెల్లగా జరిపి చూడండి, ముల్లు గట్టిగా లాగినట్టు ఊగితే అయస్కాంతమే. కేసు ఇనుముదైతే ఈ పరీక్ష మోసం చేస్తుంది. అయస్కాంతం తీసేయడం ఒక చిన్న పెట్టెతో సెకన్లలో అయ్యే పని, దానికి వాచీ విప్పనక్కర్లేదు. సర్వీసింగుకి ఒప్పుకునే ముందు ఇది చేయించుకుంటే ఒక్కోసారి వాచీ అక్కడే బాగుపడుతుంది.

“ఎలాగో నడుస్తోంది కదా” అని పాత వాచీని రోజూ పెట్టుకునేవాళ్ళు ఖర్చు పెంచుకుంటున్నారు. ఎండిన నూనెలో దుమ్ము, లోహపు పొడి కలిసి రుద్దే ముద్దలా తయారవుతుంది. అది ఉక్కు పివట్‌ని అరగదీస్తుంది. సర్వీసింగుతో పోవాల్సిన వాచీకి అప్పుడు చక్రాలు మార్చాల్సి వస్తుంది. చేయించేదాకా కీ ఇవ్వకుండా పక్కన పెట్టడమే మేలు.

మెషీన్ ఏదో తెలుసుకోవడం

డయల్ మీది పేరు చూసి భాగాలు వెతికితే దొరకవు. ఇరవయ్యో శతాబ్దపు స్విస్ వాచీల్లో చాలా వాటికి కంపెనీ పేరు ఒకటి, లోపలి మెషీన్ వేరేవాళ్ళది. ఎ షిల్డ్, ఎఫ్‌హెచ్‌ఎఫ్, ఫెల్సా, పెసో, యూనిటాస్, ఈటీఏ లాంటి తయారీదార్లు వందల కంపెనీలకు మెషీన్లు అమ్మారు. తయారీదారు చిన్న గుర్తు, క్యాలిబర్ అంకె (మెషీన్ నమూనా అంకె) ఎక్కువగా బ్యాలెన్స్ చక్రం కింద ప్లేటు మీద గానీ, డయల్ వైపు గానీ చెక్కి ఉంటాయి. ఆ రెండూ తెలిస్తే మెయిన్ స్ప్రింగ్, స్టెమ్ (క్రౌన్ కడ్డీ), బ్యాలెన్స్ స్టాఫ్ (ఇరుసు), క్లిక్ అన్నీ అంకెతో అడిగి తెప్పించుకునే వస్తువులైపోతాయి. వాచీ ఇచ్చేటప్పుడు “మూత తీసి మెషీన్ ఫొటో ఒకటి తీసివ్వండి” అనడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

అమెరికన్ జేబు గడియారాలు ఇంకా సులువు. వాల్తమ్, ఎల్గిన్, హామిల్టన్, ఇల్లినాయ్ కంపెనీలు మెషీన్ మీద వరస అంకె వేశాయి. ఆ అంకెతో తయారైన ఏడు, గ్రేడు, సైజు, జ్యువెళ్ళ సంఖ్య తెలిసిపోతాయి. కేసు మీద ఉండే అంకె వేరు, దాన్ని చూసి వెతికితే తప్పు దారి పడతారు. ఎల్గిన్, వాల్తమ్ కలిసి కోట్లలో గడియారాలు తయారుచేశాయి కాబట్టి విడిభాగాలకు ఇప్పటికీ కరువు లేదు.

వీటిలో ఒక చిక్కుంది. రైల్వే వాడకానికి చేసిన చాలా గడియారాల్లో టైము దిద్దడానికి క్రౌన్ పైకి లాగకూడదు. ముందు అద్దం బిళ్ళను మర తిప్పినట్టు తిప్పి విప్పి, డయల్ అంచున దాగి ఉన్న సన్నని మీటను బయటికి లాగి, క్రౌన్ తిప్పి, మీటను మళ్ళీ లోపలికి తోయాలి. ఇది తెలియక క్రౌన్‌ని బలంగా లాగి స్టెమ్ పాడుచేసేవాళ్ళు ఎందరో. డయల్ మీద మూత ఉన్న గడియారాలకు ఇంకో జాగ్రత్త: మూత మూసేటప్పుడు క్రౌన్ నొక్కిపట్టి మూసి, తర్వాత వదలాలి. టప్‌మని మూస్తే పట్టు కొక్కెం అరిగిపోతుంది.

ఏ రకం యంత్రాంగం అన్నది కూడా లెక్కని తిప్పేస్తుంది. పాత యూరప్ జేబు గడియారాల లోపలి మూత మీద ఫ్రెంచిలో “ఆంక్ర్, 15 రూబీ” అనో “సిలాంద్ర్, 8 రూబీ” అనో ఉంటుంది. ఆంక్ర్ అంటే లీవర్ రకం. వాచీ పని తెలిసినవాళ్ళెవరైనా చేస్తారు. సిలాంద్ర్ అంటే సిలిండర్ రకం, బ్యాలెన్స్ ఇరుసే బోలుగా కోసిన గొట్టం. అరిగితే, విరిగితే మార్పు భాగం దాదాపు దొరకదు, చాలామంది చేపట్టరు. ఇంకా పాత వెర్జ్ గడియారాలు, లోపల సన్నని గొలుసుతో ఉండేవి, వేరే నిపుణుల పని. రాళ్ళ బదులు ఉక్కు పిన్నులతో నడిచే రాస్కాఫ్ రకం చౌక వాచీలు చాలావరకు బాగుచేయించడానికి గిట్టవు. వాటిని జ్ఞాపకంగా అద్దాల పెట్టెలో ఉంచుకోవడంలో తప్పేమీ లేదు. ఇక స్టాప్‌వాచీ ఉన్న క్రోనోగ్రాఫ్ అయితే, అందులో మామూలు వాచీ మీద ఇంకో యంత్రం ఉన్నట్టే. వలజూ, వీనస్, లాండెరాన్ మెషీన్లకు సర్వీసింగ్ ఖర్చు మామూలుదానికి రెట్టింపు దాటినా ఆశ్చర్యపడక్కర్లేదు.

ఎవరి చేతికి

బ్యాటరీలు, బెల్టులు మార్చే దుకాణం వేరు, వాచీ విప్పి కట్టే మనిషి వేరు. చాలా నగల దుకాణాలు, వాచీ షోరూములు పాత వాచీలను తీసుకుని బయట ఇంకెవరికో పంపుతాయి. మధ్యలో వాళ్ళ వాటా కలుస్తుంది. “ఇది ఎవరు చేస్తారు, నేను నేరుగా మాట్లాడొచ్చా?” అని అడగండి. చెప్పేవాళ్ళు చెబుతారు. పాత గడియారాలు పోగుచేసేవాళ్ళు, వేలం సంస్థలు, రిటైరై ఇంట్లోనే పని పెట్టుకున్న పాత మెకానిక్కులు, ఈ మూడు దారుల్లో ఎక్కడో ఒకచోట మంచి చెయ్యి దొరుకుతుంది. వాచీ పని నేర్పే బడులు ఉన్నచోట పెద్ద తరగతి విద్యార్థులు గురువు కళ్ళముందు చేసే పని తక్కువలో అవుతుంది, కాకపోతే ఓపిక పట్టాలి. బ్రిటన్‌లో 1858 నాటి బ్రిటిష్ హొరొలాజికల్ ఇన్‌స్టిట్యూట్, అమెరికాలో వాచ్‌మేకర్స్ క్లాక్‌మేకర్స్ ఇన్‌స్టిట్యూట్ తమ సభ్యుల్లో రిపేరు చేసేవాళ్ళను వెతుక్కునే వీలు ఇస్తాయి. మెకానిక్ స్విట్జర్లాండ్ వోస్టెప్ పద్ధతిలో చదువుకున్నాడంటే చేతిపనికి అదో హామీ. అయినా చదువు లేని గొప్ప చేతులు ఈ వృత్తిలో చాలా ఉన్నాయి, సర్టిఫికెట్ లేదని తోసిపుచ్చొద్దు.

అసలు తయారీ కంపెనీకే పంపడం మీద నాకు పెద్ద మోజు లేదు. పాటెక్ ఫిలిప్ 1839 నుంచి తాను చేసిన వాచీలన్నీ బాగుచేస్తానంటుంది, అలాంటి కంపెనీలు కొన్ని ఉన్నాయి. ఖర్చు సంగతి అలా ఉంచితే, కొన్ని కంపెనీల సర్వీసు కేంద్రాలు పాత డయల్, ముళ్ళు తీసి కొత్తవి వేస్తాయి, కేసు మెరుగుపెడతాయి. వాచీ కొత్తగా తిరిగొస్తుంది, పాతది మాత్రం పోతుంది. చాలా పెద్ద కంపెనీలు బయటివాళ్ళకు విడిభాగాలు అమ్మడం తగ్గించేశాయి కాబట్టి, కొన్ని క్యాలిబర్లకు ఇది తప్పని దారి. అప్పుడు “డయల్, ముళ్ళు, కేసు ముట్టుకోవద్దు” అని ముందే రాతలో పెట్టండి.

మెకానిక్ బల్ల దగ్గర చూడాల్సింది మెరుపు కాదు. కడిగే మెషీను, స్టాఫ్ బిగించే స్టేకింగ్ సెట్, టిక్కులు విని నడకని కొలిచే టైమింగ్ మెషీను, వీలైతే చిన్న లేతు ఉన్నాయా అన్నది. టైమింగ్ మెషీను లేకపోతే పని పూర్తయ్యాక అది ఎలా ఉందో చెప్పే ఆధారం ఆయన దగ్గరే ఉండదు.

ఇక అడగాల్సిన ప్రశ్నలు. మెషీన్ మొత్తం విప్పుతారా, లేక మొత్తంగా ముంచి తీస్తారా? అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. చౌక సర్వీసింగులో మెషీన్‌ని విప్పకుండా పెట్రోలులోనో స్పిరిట్‌లోనో ముంచి ఆడించి, పైన నాలుగు చుక్కల నూనె వేసి ఇచ్చేస్తారు. పాత బంక కొంచెం కరిగి రాళ్ళ గుంతల్లోకి ఇంకా లోతుగా పోతుంది. వాచీ వెంటనే నడుస్తుంది. కొన్ని నెలలకి మళ్ళీ ఆగుతుంది, ఈసారి పివట్‌లు అరిగి. సరైన పద్ధతిలో ప్రతి చక్రం, ప్రతి మర విడదీసి కడుగుతారు. రాళ్ళ రంధ్రాల్ని సన్నని కర్రతో తిప్పి శుభ్రం చేస్తారు, మెయిన్ స్ప్రింగుని దాని డబ్బా అయిన బ్యారెల్ నుంచి తీస్తారు. తర్వాత ఒక్కోచోట ఒక్కో నూనె: వేగంగా కదిలే సన్నని ఇరుసులకు మోబియస్ 9010 లాంటి పలచనిది, మెల్లగా బరువుతో తిరిగే మధ్య చక్రానికి హెచ్‌పీ 1300 లాంటి చిక్కనిది, పళ్ళ చక్రాన్ని ఆపి వదిలే ప్యాలెట్ రాళ్ళకు 9415. ఒకే సీసాలోంచి అన్నిటికీ వేస్తానన్న మనిషి దగ్గర వాచీ వదలకండి. మామూలు మూడు ముళ్ళ వాచీకి కూడా ఇదంతా అనుభవజ్ఞుడికి కొన్ని గంటల పని. కూర్చోండి పావుగంటలో ఇచ్చేస్తానంటే ఏ పని జరుగుతుందో ఊహించుకోవచ్చు.

మెయిన్ స్ప్రింగ్ మారుస్తారా అన్నది రెండో ప్రశ్న. పాత నీలి ఉక్కు స్ప్రింగు తెగకపోయినా ఏళ్ళ తరబడి చుట్టుకుని బలం కోల్పోయి ఉంటుంది. బయటికి తీస్తే ఎస్ ఆకారంలో విచ్చుకోవాలి, అలా కాకుండా చుట్టుకునే ఉంటే పనైపోయినట్టే. ఎత్తు, మందం, పొడవు, కొస ఆకారం సరిపోయే కొత్త మిశ్రలోహపు స్ప్రింగు దొరుకుతుంది. మొత్తం ఖర్చులో ఇది చిన్న భాగం, ఫలితం మాత్రం పెద్దది. మందం పెంచి వేస్తే మాత్రం గొడవ. నీరసంగా ఉన్న వాచీని లాక్కురావడానికి కొందరు బలమైన స్ప్రింగు వేస్తారు. అసలు జబ్బు దాగి, చక్రాల పళ్ళు అరుగుతాయి.

తీసేసిన పాత భాగాలు తిరిగిస్తారా, డయల్, కేసు మీద చేయి వేసే ముందు అడుగుతారా, ఎన్ని నెలల హామీ అన్నవి మామూలు ప్రశ్నలే గానీ జవాబు కాగితం మీద ఉండాలి. ఒప్పుకున్న మొత్తం దాటేలా ఏదైనా బయటపడితే పని ఆపి ఫోన్ చేయాలన్న మాట కూడా అందులోనే రాయించండి.

బ్యాలెన్స్ స్టాఫ్ విరిగితే

ఖర్చు అంతా ఇక్కడ పుడుతుంది కాబట్టి కొంచెం వివరంగా. దారులు మూడు. ఆ క్యాలిబర్‌కి పాత నిల్వల్లోని స్టాఫ్ దొరికితే పాతది తీసి అది బిగిస్తారు. పాతది తీయడంలోనే పనితనం ఉంది: రివెట్ కొట్టిన చోటును లేతు మీద కోసి తీయాలి. సుత్తితో గుద్ది తీస్తే చక్రం రంధ్రం పెద్దదై ఆ తర్వాత ఏ స్టాఫూ నిలవదు. కొత్తది పెట్టాక చక్రం వంకర లేకుండా, బరువు సమంగా ఉండేలా చూడాలి. అది చేయకపోతే నిలువుగా పెట్టినప్పుడు ఒక టైము, పడుకోబెట్టినప్పుడు ఇంకో టైము చూపిస్తుంది. నిల్వ భాగం దొరకకపోతే రెండో దారి, లేతు మీద కొత్తది తయారుచేయించుకోవడం. ఇది చేయగలిగినవాళ్ళు తక్కువ. మొత్తం సర్వీసింగ్ ఖర్చంత దీనికే పడొచ్చు.

మూడోది దాత మెషీన్. అదే క్యాలిబర్, అదే గ్రేడు మెషీన్ పనిచేయనిది, కేసు లేనిది కొని అందులోంచి బ్యాలెన్స్ మొత్తంగా మార్చుకోవడం. ఎక్కువసార్లు అన్నిటికన్నా చవక ఇదే, మిగిలిన భాగాలు ముందుముందు పనికొస్తాయి కూడా. కొనే ముందు బ్యాలెన్స్ ఊగుతున్న వీడియో అడగండి. బ్యాలెన్స్ పోయినందుకే అమ్ముతున్న మెషీన్లు బోలెడు. షాక్ రక్ష ఉన్న రకమా, లేని రకమా అన్నది ఒకే క్యాలిబర్‌లోనూ మారుతుంది, రెండూ కలవవు. పైగా దాత బ్యాలెన్స్‌ని కొత్త ఇంట్లో మళ్ళీ సర్దాల్సిందే, పెట్టగానే సరిపోదు.

చేయించకూడని పనుల జాబితా కూడా డబ్బు మిగులుస్తుంది. డయల్‌కి మళ్ళీ రంగు వేయించకండి. మచ్చలున్నా అసలు డయలే విలువైనది, అచ్చు మీద తడి గుడ్డ పెట్టినా అక్షరాలు లేచిపోతాయి. కేసు పాలిష్ వద్దు. బంగారు పూత కేసుల్లో పాలిష్‌తో కింద ఇత్తడి బయటపడుతుంది, వెండి కేసుల్లో ముద్రలు చెరిగిపోతాయి. గీతలు పడిన ప్లాస్టిక్ అద్దం మార్చడం మాత్రం తేలికైన పని, వాచీ రూపమే మారిపోతుంది. నీటి భయం లేని వాచీ చేసిమ్మని ఏ మెకానిక్‌నీ అడగకండి, పాత కేసుకి అది కుదరదు.

చీకట్లో వెలిగే అంకెలున్న వాచీ అయితే ఒక హెచ్చరిక. 1960ల వరకు చాలా వాటిలో రేడియం వాడారు. వెలుగు ఎప్పుడో ఆరిపోయినా, మెరిసే పదార్థమే చెడింది గానీ రేడియం పోలేదు. దాని అర్ధాయువు సుమారు 1600 ఏళ్ళు. మూత మూసి ఉన్నంత వరకు పెద్ద ప్రమాదం కాదు, పెచ్చులూడిన పొడి ఊపిరిలోకి వెళ్ళడమే ప్రమాదం. ఇంట్లో అద్దం తీయొద్దు, ముళ్ళు గోకొద్దు, మెకానిక్‌కి ముందే చెప్పండి. డయల్ అడుగున టి అక్షరాల మధ్య స్విస్ అని ఉంటే అది రేడియం కాదు, ట్రిషియం అనే వేరే పదార్థం.

దూరానికి పంపాల్సి వస్తే బెల్టు తీసి, కీ పూర్తిగా దిగిపోయాక, చిన్న గట్టి డబ్బాలో కదలకుండా పెట్టి, ఆ డబ్బాని ఇంకో పెద్ద డబ్బాలో మెత్తని పొరల మధ్య పెట్టండి. ముందు వెనక, మెషీన్, వరస అంకె ఫొటోలు మీ దగ్గర ఉండాలి. దేశం దాటితే పత్రాల మీద “రిపేరుకి, తిరిగి పంపబడును” అన్న అర్థంలో రాయకపోతే తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ సుంకం అడిగే వీలుంది.

వాచీ తిరిగి తీసుకునేటప్పుడు టైమింగ్ మెషీను మీద పెట్టి చూపమనండి. పూర్తి కీతో, డయల్ పైకి ఉన్నప్పుడు బ్యాలెన్స్ ఊపు 250 డిగ్రీలు దాటితే పాత వాచీకి హాయి, 270 నుంచి 300 మధ్య ఉంటే పండగే. 200 లోపు ఉంటే పని పూర్తి కాలేదు. ఆ మెషీనులో లిఫ్ట్ యాంగిల్ అనే కోణం ఆ క్యాలిబర్‌ది పెట్టారో లేదో చూడండి. మామూలుగా ఉండే 52 అలాగే వదిలేస్తే ఊపు అంకె తప్పు చూపిస్తుంది. బీట్ ఎర్రర్, అంటే టిక్కుకీ టాక్కుకీ మధ్య తేడా, ఒక మిల్లీసెకను లోపు ఉంటే మంచిది. ఇంటికొచ్చాక మొదటి వారం రోజూ ఒకే వేళకి కీ ఇచ్చి, తేడాని సెకన్లలో రాసుకోండి. రోజుకి అర నిమిషం తేడా వచ్చినా అది ప్రతిరోజూ ఒకేలా ఉంటే వేగం దిద్దే మీట, రెగ్యులేటర్, కొంచెం జరిపి సర్దేయొచ్చు. ఒక రోజు ముందుకి, ఒక రోజు వెనక్కి పోతుంటే రాసుకున్న కాగితంతో సహా హామీ గడువులోపే తిరిగి తీసుకెళ్ళండి.